దిద్దు

నల్లగొండల, మూడో అంతస్తుల, ఏసీ గదిల
ఆ బటను నేనే రాసిన.
చిన్న పెన్సిలు బొమ్మ. ఇరవై నాలుగు పిక్సెళ్ళు.
మౌసు దగ్గరికొస్తే కొద్దిగ నీలం తేలుతది,
ఒత్తితే గడి తెరుచుకుంటది,
కొత్త అంకె పడుతది, పాతది పోతది.
రెండు రోజుల పని. శుక్రవారం చాయ్ టైముకు అప్పజెప్పిన.

పేరు కాడనే చాన సేపు తన్లాడినం.
'సవరించు' అని పెట్టుమన్నడు అన్వేష్.
సవరించు అంటే నాకు జారిన పైట యాదికొస్తది,
అద్దం ముందట చెదిరిన జుట్టు యాదికొస్తది.
'దిద్దు' అని పెడదామన్న నేను.
పలక మీద, రాసిన అక్షరం మీదనే మళ్ళ మళ్ళ
బాలామణి టీచర్ మా చెయ్యి పట్టి తిప్పిన మాట.
చిన్నపోరగాండ్ల ముచ్చట లెక్కుందని నవ్విన్రు.
ఆఖరికి మాటే తీసేసి బొమ్మొక్కటి ఉంచినం.

యాసంగి కోతలప్పుడు
హాలియా అవతల వడ్ల కేంద్రానికి పంపిన్రు,
యాప్ ఎట్ల నడుస్తున్నదో చూసి రమ్మని.
వేపచెట్టు నీడ, అది గూడ పదకొండు దాకనే.
ఎండల తెర నల్లగ, అద్దం లెక్క.
నా నీలం ఎవ్వరికీ కనబడ్తలేదు.
సైదులు బొటనవేలికి వడ్ల దుమ్ము, పాత కొడవలి గాటు.
మూడుసార్లు ఒత్తితే ఒక్కసారి పెన్సిలు అందుతది,
ఒక్కసారి పక్కనున్న చెత్తబుట్ట.
"గింత సన్నగ ఎవడు చేసిండో" అన్నడు.
నేను నీళ్ళ బాటిల్ మూత తిప్పుకుంట నిలవడ్డ.

అప్పుడొచ్చింది ఈదమ్మ.
కుప్ప పోసి పదకొండు రోజులాయె.
మధ్యల ఒక రాళ్ళవాన,
పట్టాలు కప్పుడు, తీసుడు, కాళ్ళతోని వడ్లు తిప్పుడు.
"మొన్న మిషన్ల పోస్తే తేమ పదిహేడన్నవు గద సైదులూ,
ఇయ్యాల పందొమ్మిదంటున్నవు.
మరి ఆ పదిహేడు ఏడికి పొయ్యింది?"

సైదులు నన్ను చూసిండు.
నేను తెరను చూసిన.
పందొమ్మిది. సాపుగ, నల్లగ,
పుట్టిన సంది గదే ఉన్నట్టు.
ఎవరు మార్చిన్రు, ఎన్నడు మార్చిన్రు,
మిల్లు నుంచి ఫోనొచ్చిందా, నిజంగనే వానకు తడిసిందా,
నా బటను ఏం చెప్పది.
చెప్పుమని నేను దానికి నేర్పలే.

ఈదమ్మ కొంగు ముడి విప్పి
నాలుగు మడతల కాయితం తీసింది.
"నాకు చదువు రాదు, మా చిన్నపిల్ల రాసింది.
గిది కోత మిషన్ కిరాయి.
రెండువేల నాలుగొందలు కొట్టేసి రెండువేల ఆరొందలు చేసింది.
కొట్టేసింది కనబడ్తది గద బిడ్డా.
కనబడ్తె అడుగుతం."

నిజమే. గీత కింద పాత అంకె
పట్టా కింది వడ్ల లెక్క
ఇంక వెచ్చగనే ఉన్నది.

అప్పుడు చూసిన ఆమె చెవులు.
దిద్దులు లేవు, రంధ్రాల్ల వేప పుల్లలున్నయి.
ఆ మాట బటను మీద పెట్టకపోవుడే మంచిదాయె.
ఆ పొద్దు ఆమె కుప్ప తూకం కాలే.

వాపసొచ్చి రాత్రి కూసొని
కొన్ని వరుసలు కలిపిన.
పాత అంకె అట్లనే ఉంటది, మీద ఒక గీత,
పక్కన పేరు, తారీఖు, గంట.
పెన్సిలును రెండింతలు చేసిన,
చెత్తబుట్టను దూరం జరిపిన.
అన్వేష్ చూసి "ఇది ఎవరడిగిన్రు?" అన్నడు.
ఈదమ్మ, అన్న.
ఏ డిపార్ట్‌మెంట్ అన్నడు.

ఇంక ఒప్పుకోలే. సోమవారం మీటింగున్నది.
బ్యాగుల నుంచి రాలినట్టుంది,
ఒక వడ్ల గింజ కీబోర్డుల ఇరుక్కున్నది.
పాతదాన్ని చెరిపే మీట ఒత్తినప్పుడల్లా
కింద టక్కుమంటది.
తియ్యబుద్ధి అయితలేదు.